కరబాఖ్ 2020: గెలిచిన సైన్యం బలాన్ని తూచడం ఎలా

2020 సెప్టెంబరు 27 ఉదయం మొదలైన నగోర్నో-కరబాఖ్ యుద్ధం నవంబరు 10న ఆగింది. మొత్తం 44 రోజులు. అంతర్జాతీయంగా అజర్‌బైజాన్‌దిగా గుర్తించిన ఈ కొండ ప్రాంతం 1990ల నుంచి ఆర్మేనియన్ల చేతిలో ఉంది. ఒకవైపు టర్కీ అండతో అజర్‌బైజాన్, మరోవైపు ఆర్మేనియా, దాని మద్దతుతో కరబాఖ్‌ను పట్టుకుని ఉన్న స్థానిక రక్షణ సేన. యుద్ధం ఆగేనాటికి డ్రోన్లు ట్యాంకులను మింగేశాయన్న మాట అందరి నోటా స్థిరపడిపోయింది. చాలా దేశాల రక్షణ శాఖలు కూడా ఆ మాట పట్టుకునే కొనుగోళ్ల జాబితాలు రాసుకున్నాయి.

ఆ మాటను పరీక్షించడానికి రెండు లెక్కలు పక్కపక్కన పెడితే చాలు. ఫొటోలతో, వీడియోలతో నిర్ధారణ అయిన ట్యాంకుల నష్టం ఆర్మేనియా వైపు 250కి పైగా, అజర్‌బైజాన్ వైపు 60 చుట్టుపక్కల. అంటే నాలుగింతల తేడా. చనిపోయిన సైనికులు మాత్రం ఆర్మేనియా వైపు 3,800 పైచిలుకు, అజర్‌బైజాన్ వైపు 2,900 పైచిలుకు. ఇక్కడ తేడా 1.3 రెట్లే. ఇనుములో నాలుగింతలున్న తేడా మనుషుల దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోయింది? బలాబలాల అంచనా వేసేవాళ్లు ముందుగా జవాబు వెతకాల్సిన ప్రశ్న ఇది. గెలిచిన సైన్యం సగటున రోజుకు 66 మందిని పోగొట్టుకుంది. ఆకాశం నుంచి మీట నొక్కి గెలిచిన యుద్ధంలో ఇంతమంది చావరు.

యుద్ధానికి ముందురోజు పట్టిక

అంచనా యుద్ధానికి ముందురోజు నుంచే మొదలవ్వాలి. యుద్ధం తర్వాత పట్టిక రాసుకుంటే ఫలితం తెలిసిన చేత్తో రాస్తాం. గెలిచినవాడి దగ్గర అన్నీ గొప్పగా, ఓడినవాడి దగ్గర అన్నీ తుప్పుపట్టినట్టుగా కనిపిస్తాయి.

సెప్టెంబరు 26 నాటి పట్టికలో తేలికగా దొరికే అంకెలు ఇవి. అజర్‌బైజాన్ జనాభా కోటి, ఆర్మేనియాది 30 లక్షలు. ఆ ఏడాది సైనిక వ్యయం అజర్‌బైజాన్‌ది సుమారు 220 కోట్ల డాలర్లు, ఆర్మేనియాది 63 కోట్ల డాలర్లు. కాస్పియన్ చమురు డబ్బుతో అజర్‌బైజాన్ పదేళ్లకు పైగా ఆయుధాలు కొంటూ వచ్చింది. 2016-20 మధ్య ఆ దేశం దిగుమతి చేసుకున్న ప్రధాన ఆయుధాల్లో 69 శాతం ఇజ్రాయెల్‌వేనని స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్క. 2020 జూలైలో రెండు దేశాల సరిహద్దులోని తోవుజ్ దగ్గర జరిగిన ఘర్షణలో అజర్‌బైజాన్ మేజర్ జనరల్ పోలాద్ హషిమోవ్ చనిపోయాడు. ఆ నెలాఖరుకే టర్కీతో ఉమ్మడి విన్యాసాలు మొదలయ్యాయి.

ఇంతవరకు ఎవరైనా రాస్తారు. తప్పు జరిగేది ఆయుధాల వరుస దగ్గర. ఆర్మేనియా 2019 చివర్లో రష్యా నుంచి 4 సుఖోయ్-30ఎస్‌ఎం విమానాలు తెచ్చుకుంది. అజర్‌బైజాన్ దగ్గర అంతకంటే మంచి యుద్ధ విమానం లేదు. కానీ వాటికి కావాల్సిన క్షిపణులు యుద్ధం నాటికి రాలేదు. 44 రోజుల్లో అవి పోరులో దిగలేదు. అందుకే పట్టికలో ప్రతి ఆయుధం పక్కన నాలుగు గడులు గీసుకోవాలి: దానికి గుండు ఉందా, నడిపే సిబ్బంది ఎన్ని పూటలకు సరిపోతారు, లక్ష్యాన్ని చూపించే కన్ను ఏది, మొదటి రోజు అది ఎక్కడ నిలబడి ఉంది. నాలుగింటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ ఆయుధానికి వేయాల్సిన విలువ సున్నా. ఈ ఒక్క నియమం పాటించి ఉంటే సెప్టెంబరు 26న రాసిన చాలా అంచనాలు వేరుగా ఉండేవి.

ధ్వంసమైనవాటిని లెక్కపెట్టడం

చేతులు ఎక్కువ కాల్చుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

అజర్‌బైజాన్ రక్షణ శాఖ దాదాపు రోజూ డ్రోన్ వీడియోలు విడుదల చేసింది. బూడిదరంగు థర్మల్ చిత్రం, మధ్యలో గురి గుర్తు, కింద ఒక ట్యాంకు, తర్వాత తెల్లటి మెరుపు. ఒకే దెబ్బ మూడు వేర్వేరు వీడియోల్లో కనబడుతుంది: మొదటిరోజు పూర్తిగా, వారం తర్వాత సంకలనంలో రెండు సెకన్లు, ఇంకోచోట అద్దంలో చూసినట్టు తిరగేసి. వీడియోల సంఖ్యను బట్టి లెక్కపెడితే 100 ట్యాంకులు 180 అవుతాయి.

దీన్ని వడకట్టడానికి ఆధారం ట్యాంకు కాదు, దాని చుట్టూ ఉన్న నేల. ఆర్మేనియా ట్యాంకులు ఎక్కువగా గుర్రపు నాడా ఆకారంలో మట్టి గట్టు వేసిన గుంటల్లో నిలబెట్టి ఉండేవి. ప్రతి గుంట నోరు ఒక దిక్కుకు తెరిచి ఉంటుంది. గట్టు ఒకచోట విరిగి ఉంటుంది. పక్కన కందకం ఎన్ని మలుపులు తిరిగిందో, గుంటలోకి వచ్చిన చైన్ల జాడ ఏ వైపు నుంచో చూస్తే ప్రతి గుంటకూ వేలిముద్రలాంటి గుర్తు దొరుకుతుంది. ఆ ఆకారాన్ని ఉపగ్రహ చిత్రంలో వెతికి స్థానం ఖాయం చేసుకుంటే, ఆ స్థానంలో ఎన్ని వీడియోలు వచ్చినా లెక్కలో ఒక్కటే చేరుతుంది. స్థానం దొరకని వీడియో ‘నిర్ధారణ కాలేదు’ అన్న వేరే వరుసలోకి పోవాలి. ఈ వరుస పెద్దదవుతుంది. అవుతుందని భయపడి దాన్ని మొదటి వరుసలో కలిపేయకూడదు.

రెండో చిక్కు, రెండు సైన్యాలూ ఒకే సోవియట్ ఖజానా నుంచి వచ్చినవి. టీ-72 ట్యాంకు ఇద్దరి దగ్గరా ఉంది, ఓసా విమాన విధ్వంసక క్షిపణి వాహనం ఇద్దరి దగ్గరా ఉంది. టీ-90 ట్యాంకు, బీఎంపీ-3, బీటీఆర్-82ఏ సాయుధ వాహనాలు కనిపిస్తే దాదాపుగా అజర్‌బైజాన్‌వి అనుకోవచ్చు. టీ-72 అయితే పేలుడు కవచం ఇటుకల అమరిక, తెల్లరంగుతో వేసిన గుర్తులు, దాని ముక్కు ఏ వైపు ఉంది, అది ఎవరి గీతకు ఇవతల కాలిపోయింది అన్నవన్నీ కలిపి చూడాలి. ఏ ఒక్క గుర్తూ సరిపోదు.

మూడోది, ‘దెబ్బ తగిలింది’ అన్నదానికీ ‘నాశనమైంది’ అన్నదానికీ ఉన్న తేడా. అజర్‌బైజాన్ వాడిన టర్కీ తయారీ టీబీ2 డ్రోన్ వేసే ఎంఏఎం-ఎల్ బాంబు బరువు 22 కిలోలు. అది టరెట్ (ట్యాంకు మీద తిరిగే ఫిరంగి గూడు) పైకప్పు మీద పడితే టీ-72 లోపల గుండ్రంగా పేర్చిన గుళ్లు అంటుకుని టరెట్ ఎగిరిపోతుంది. గట్టు అంచున పడితే దుమ్ము లేస్తుంది, వీడియో అక్కడితో కట్ అవుతుంది. దుమ్ము తగ్గేదాకా చూపించని వీడియోను ‘ధ్వంసం’ కింద రాయకూడదు. వాయు రక్షణ వాహనాల విషయంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. నిజమైన లాంచర్ మీద దెబ్బ పడితే క్షిపణుల ఇంధనం మండి పొడవాటి మంట, దాని వెంటనే మరో పేలుడు వస్తాయి. డమ్మీ అయితే చెక్క ముక్కలు చెల్లాచెదురవుతాయి, అంతే.

నాలుగోది రెట్టింపు లెక్క. అక్టోబరులో డ్రోన్ దెబ్బ తిన్న ట్యాంకే నవంబరులో చేజిక్కిన వాహనాల వరుసలో నిలబడి ఫొటో దిగుతుంది. 2021 ఏప్రిల్‌లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో తెరిచిన యుద్ధ విజయ చిహ్నాల పార్కులో వాటిలో కొన్నిటిని దగ్గరగా చూడొచ్చు. దెబ్బ తగిలిన చోటు, వంగిన చక్రం, టరెట్ నంబరు పోల్చకుండా రెండు వరుసలు కూడితే అంకె ఉబ్బిపోతుంది.

ఇవన్నీ దాటాక కూడా మిగిలే పెద్ద వంకర ఒకటుంది: యుద్ధభూమి చివరికి ఎవరి చేతిలో మిగిలితే ఫొటోలు తీసేది వాళ్లే. ఓడినవాడి శిథిలాలు గెలిచినవాడి ముందు పరిచి ఉంటాయి. గెలిచినవాడు తన శిథిలాలను రాత్రికి రాత్రే లాగించేస్తాడు. అజర్‌బైజాన్ యుద్ధం నడుస్తున్నన్నాళ్లూ తన సైనిక మరణాల సంఖ్య చెప్పలేదు. యుద్ధం ముగిశాక 2020 డిసెంబరు మొదట్లో 2,783 మంది పేర్లు ప్రకటించింది, తర్వాత ఆ సంఖ్య పెరిగింది. అక్టోబరు 4న కూలిన తన సుఖోయ్-25 విమానం సంగతీ డిసెంబరులోనే ఒప్పుకుంది. కాబట్టి ఆ 60 ట్యాంకులు ‘కనీసం ఇన్ని’ అని చదవాల్సిన అంకె. దాన్ని ఏదో గుణకంతో హెచ్చవేసి కొత్త అంకె పుట్టించడం ఇంకా పెద్ద తప్పు. మరణాల జాబితాను పక్కన పెట్టి, రెండూ ఒకే కథ చెబుతున్నాయా అని చూడటమే సరైన పద్ధతి. ఇక్కడ చెప్పలేదు.

500 మీటర్ల ఎత్తు తేడా

డ్రోన్ల విజయానికి కారణం అద్భుతమేమీ కాదు, కొలవగలిగిన కొన్ని అంకెలు. టీబీ2 సాధారణంగా 5,500 మీటర్ల ఎత్తున తిరుగుతుంది, అవసరమైతే 7,500 మీటర్ల దాకా ఎక్కగలదు. దాని బాంబు 8 కి.మీ. దూరం నుంచి పడుతుంది. ఆర్మేనియా ముందు వరుసను కాపాడింది ప్రధానంగా ఓసా-ఏకేఎం, స్ట్రెలా-10 వాయు రక్షణ వాహనాలు. ఓసా క్షిపణి చేరే గరిష్ఠ ఎత్తు 5 కి.మీ., స్ట్రెలాది 3.5 కి.మీ. అంటే డ్రోన్ తన మామూలు ఎత్తులో తిరుగుతుంటేనే ఓసాకు కనీసం 500 మీటర్లు అందనంత పైన ఉంది. దీనికి రాడార్ల పాతదనం తోడైంది. నెమ్మదిగా కదిలేవాటిని పక్షులుగా, మేఘాలుగా భావించి వడగట్టేసే సోవియట్ రాడార్లకు గంటకు 130 కి.మీ. వేగంతో పోయే చిన్న డ్రోన్ సరిగా ఆనదు.

తొలిరోజే 12 ఓసాలను నాశనం చేశామని అజర్‌బైజాన్ ప్రకటించింది. దాని వెనక ఒక తెలివైన పని ఉంది. పాత ఆంటోనోవ్-2 రెండు రెక్కల విమానాలను పైలట్ లేకుండా ఎగిరేలా మార్చి ఆర్మేనియా గీతల మీదికి పంపారు. పొలాలకు మందు చల్లే ఆ విమానాలను కూల్చడానికి రాడార్ ఆన్ చేసిన ప్రతి వాహనం తన చోటు తానే చెప్పినట్టయింది. పైన కాచుకున్న టీబీ2, గాల్లో గంటల తరబడి తిరిగే హారోప్ ఆత్మాహుతి డ్రోన్ మిగతా పని చూసుకున్నాయి. ఆర్మేనియా సైనికులు విమానం కూల్చామని సంబరంగా పెట్టిన వీడియోల్లో కొన్ని ఈ ఆంటోనోవ్‌లవే. కూల్చివేతల లెక్కలో దీన్ని మామూలు విమానంతో సమానంగా రాస్తే అంచనా తలకిందులవుతుంది. ఆ కూల్చివేతకు ఎంత మూల్యం చెల్లించారన్నది పక్క గడిలో రాయాలి.

హారోప్ కొత్తదేమీ కాదు. 2016 ఏప్రిల్‌లో జరిగిన నాలుగు రోజుల ఘర్షణలోనే అజర్‌బైజాన్ దాన్ని వాడింది, ఆర్మేనియన్ వలంటీర్లతో వెళ్తున్న బస్సును కొట్టింది. నాలుగున్నరేళ్ల తర్వాత కూడా ఆర్మేనియా ట్యాంకు గుంటలకు పైకప్పు లేదు, కందకాల మీద వల లేదు. ఇది కొనుగోళ్లతో సంబంధం లేని లోపం. పార, దుంగలు, వల చాలు. బలాన్ని తూచేటప్పుడు దీనికి ఎస్-300 లాంటి పెద్ద వాయు రక్షణ వ్యవస్థ కంటే ఎక్కువ మార్కులు ఇవ్వాలి, ఎందుకంటే ఇది గత దెబ్బ నుంచి ఆ సైన్యం ఏం నేర్చుకుందో చెబుతుంది.

యుద్ధం చివర్లో వచ్చిన ఒక వీడియో ఇంకో కోణం చూపిస్తుంది. ఆర్మేనియా దగ్గరున్న కొత్త వాయు రక్షణ వాహనం టోర్-ఎం2కేఎం. ఓసాకు లేని ఎత్తు దీనికుంది, 10 కి.మీ. దాకా కొట్టగలదు. దాన్ని తీసుకెళ్లి ఒక షెడ్డులో దాచారు. డ్రోన్ అది లోపలికి పోవడం చూస్తూనే ఉంది. కాసేపటికి షెడ్డుతో సహా పోయింది. టోర్ లోపం ఏమీ లేదు. ఒంటరిగా, పక్కన మరో రాడార్ కాపలా లేకుండా, తాను కాల్చనప్పుడు తనను కాచేవాళ్లు లేకుండా ఉండటమే లోపం. ఆయుధం బ్రోషర్‌లోని ఎత్తు అంకె నిజమే, దాని చుట్టూ వల అల్లేవాళ్లు లేరంతే.

ఒకే ఆకాశం, రెండు ఫలితాలు

డ్రోన్ల వాటా ఎంత, మిగతావాటి వాటా ఎంత అని విడదీయడానికి ఈ యుద్ధం మంచి సదుపాయం ఇచ్చింది. అజర్‌బైజాన్ ఉత్తరాన మురోవ్‌దాగ్ పర్వతాల వైపు నుంచీ దక్షిణాన అరస్ నది లోయ వైపు నుంచీ దాడి చేసింది. రెండుచోట్లా అవే డ్రోన్లు, అవే హారోప్‌లు. దక్షిణాన తొలి రక్షణ గీత పగలడానికి వారం పట్టింది. అక్కడి నుంచి జబ్రాయిల్ అక్టోబరు 4, హద్రుత్ అక్టోబరు 9, ఫిజులి అక్టోబరు 17, జంగిలాన్ అక్టోబరు 20, గుబాద్లి అక్టోబరు 25. ఇవి అధ్యక్షుడు అలీయెవ్ ప్రకటించిన తేదీలు. పూర్తిగా పట్టు దొరికింది కొన్నిచోట్ల ఆ తర్వాతే. ఉత్తరాన తొలి వారంలో తాలిష్, మదగిజ్ చేతికొచ్చాక పెద్దగా కదలిక లేదు.

దక్షిణం చదునైన నేల, చెట్లు తక్కువ, దాక్కునే చోటు లేదు. ఆర్మేనియా మొదటి గీత వెనక అంత గట్టిగా రెండో గీత లేదు. ఉత్తరాన కొండ వాలు, ఇరుకు కనుమలు. ఒకే ఆయుధం రెండు నేలల మీద రెండు రకాలుగా పనిచేసిందంటే, ఫలితాన్ని ఆ ఆయుధం ఖాతాలో మొత్తంగా రాయడానికి లేదు. ‘టీబీ2 ఉంటే గెలుస్తాం’ అన్న తీర్మానం మురోవ్‌దాగ్ దగ్గరే ఆగిపోవాలి.

ముందుకు కదిలే వేగాన్ని రోజుకు కిలోమీటర్లలో రాసుకోవడం ఇందుకే. పటం మీద రంగు మారిన తేదీలు ప్రకటనల్లో వస్తాయి, కానీ నమ్మదగ్గది ఊరి బోర్డు దగ్గర, వంతెన మీద, పాలనా భవనం ముందు సైనికులు దిగిన వీడియో. ఆ వీడియో తేదీకీ ప్రకటన తేదీకీ మధ్య ఎడం ఎంతుందో చూస్తే ఏ పక్షం మాటకు ఎంత తరుగు వేయాలో తెలుస్తుంది.

షుషా

మరణాల్లో 1.3 నిష్పత్తికి జవాబు షుషాలో దొరుకుతుంది. ఈ పట్టణం సుమారు 1,400 మీటర్ల ఎత్తున కొండ అంచున ఉంది. కింద 10 కి.మీ. లోపే కరబాఖ్ రాజధాని స్టెపనకెర్ట్. ఆర్మేనియా నుంచి లాచిన్ మీదుగా వచ్చే ప్రధాన రోడ్డు షుషా పక్కనుంచే పోతుంది. వార్డెనిస్ మీదుగా ఉత్తరాన ఇంకో దారి ఉన్నా, ఈ రోడ్డు తెగితే నగరం గొంతు మీద చేయి పడినట్టే.

హద్రుత్ వైపు నుంచి అజర్‌బైజాన్ ప్రత్యేక దళాలు అడవుల్లోంచి నడిచి వచ్చాయి. ట్యాంకులు ఎక్కే దారి కాదది. చేతిలో మోసుకురాగల ఆయుధాలు, ట్యాంకు వ్యతిరేక క్షిపణులు, వీపున తిండి, మందుగుండు. నవంబరు మొదటి వారంలో పొగమంచు కమ్మింది. మంచులో టీబీ2 కెమెరాకు ఏమీ కనపడదు. పట్టణంలో పోరు దగ్గర నుంచి, వీధి వీధికీ జరిగింది. నవంబరు 8న షుషా చేతికొచ్చిందని అలీయెవ్ ప్రకటించాడు. తర్వాతి రోజు రాత్రి సంధి పత్రం మీద సంతకాలయ్యాయి.

అంటే యుద్ధాన్ని ముగించిన దెబ్బ వేసింది కొండ ఎక్కిన కాల్బలం. ఆ కాల్బలం అక్కడిదాకా రావడానికి దారి వేసింది డ్రోన్లూ ఫిరంగులూ. ఆర్మేనియా రిజర్వు బలగాలు పగటిపూట రోడ్డెక్కలేకపోవడం, ఫిరంగులు ఒకసారి కాల్చాక మళ్లీ కాల్చే ధైర్యం చేయలేకపోవడం, నెల రోజుల్లో సిబ్బంది అలిసిపోవడం. ఇవి వీడియోల్లో దొరకవు. డ్రోన్ల అసలు ఫలితం ధ్వంసమైన ట్యాంకుల సంఖ్యలో కంటే ఈ కదలలేకపోవడంలో ఉంది. నివేదికలో దీనికి విడిగా చోటు ఇవ్వాలి. కొలవడం కష్టమే, కానీ రిజర్వు యూనిట్ పిలుపు అందుకున్న తేదీకీ ముందు వరుసకు చేరిన తేదీకీ మధ్య రోజులు లెక్కపెడితే కొంత అందుతుంది.

వాడకుండా దాచుకున్నవి

పూర్తి బలంతో పోరాడని యుద్ధం నుంచి పూర్తి బలాన్ని లెక్కకట్టడం చాలామంది చేసే పొరపాటు. ఇక్కడ ఇద్దరూ హద్దులు పెట్టుకున్నారు. రష్యా నాయకత్వంలో నడిచే, ఆర్మేనియా సభ్యత్వం ఉన్న సామూహిక భద్రతా ఒప్పందం కరబాఖ్‌కు వర్తించదు. ఆర్మేనియాలోని గ్యుమ్రీలో ఉన్న రష్యా స్థావరం నుంచి సేనలు బయటికి రాలేదు. అజర్‌బైజాన్ కూడా ఆర్మేనియా సొంత గడ్డ మీద దెబ్బలు చాలావరకు తగ్గించుకుంది. అక్టోబరు 14న వార్డెనిస్ దగ్గర క్షిపణి లాంచర్ల మీద చేసిన దాడిలాంటివి మినహాయింపులు. నవంబరు 9న ఆర్మేనియా గగనంలో రష్యా మి-24 హెలికాప్టర్‌ను పొరపాటున కూల్చినప్పుడు అజర్‌బైజాన్ గంటల్లోనే క్షమాపణ చెప్పింది. ఆ తొందర చూస్తే హద్దు ఎంత బలమైనదో అర్థమవుతుంది. రష్యా కళ్ల ముందు గీత దాటకుండా 44 రోజుల్లో పని ముగించాలన్న ఒత్తిడి అజర్‌బైజాన్ మీద ఉంది. దాని యుద్ధ ప్రణాళికను ఆ గడియారంతో పాటు చదవాలి.

నగరాల మీద పడిన క్షిపణులను బలం కింద లెక్కవేయకూడదు. అజర్‌బైజాన్ నగరాలైన గంజా మీద పడిన స్కడ్‌లు, బర్దా మీద పడిన స్మెర్చ్ క్లస్టర్ రాకెట్లు, స్టెపనకెర్ట్ మీద కురిసిన క్లస్టర్ బాంబులు ఇళ్లలో ఉన్నవాళ్లను చంపాయి. ముందు వరుసను ఒక్క కిలోమీటరు కూడా కదపలేదు.

ఇక ఆర్మేనియా రష్యా నుంచి తెచ్చుకున్న ఇస్కందర్ క్షిపణుల వివాదం. 2021 ఫిబ్రవరిలో ఆర్మేనియా ప్రధాని పషిన్యాన్ ఆ క్షిపణులు పేలలేదని, లేదంటే పది శాతమే పేలాయని అన్నాడు. ఉప సైన్యాధిపతి ఆ మాటను నవ్వి కొట్టిపారేసి పదవి పోగొట్టుకున్నాడు. రెండు రోజుల్లో సైన్యం ప్రధాని రాజీనామా కోరింది. తర్వాత షుషాలో దొరికిన ఇస్కందర్ శకలాలను అజర్‌బైజాన్ ప్రదర్శించింది. ఇందులో ఆయుధం పనితీరు గురించి నమ్మదగ్గది ఆ శకలాల స్థానం ఒక్కటే. మిగతాది ఓటమి తర్వాతి రాజకీయం. ఓడిన దేశంలో నాయకుడు ఆయుధాన్ని నిందిస్తాడు, సైన్యం నాయకుణ్ణి నిందిస్తుంది, అమ్మిన దేశం సిబ్బందిని నిందిస్తుంది. మూడు నిందలనూ ఒకే వరుసలో రాసుకుని, ఎవరికి ఏది నష్టమో గుర్తు పెట్టుకుని చదవాలి.

ఎంతకాలం కొనసాగించగలడు

చిన్న యుద్ధంలో అన్నిటికంటే తక్కువగా కనిపించేది ఇదే, ఎందుకంటే నిల్వలు అడుగంటకముందే యుద్ధం ఆగిపోతుంది. అజర్‌బైజాన్ వైపు రెండు సంకేతాలున్నాయి. యుద్ధానికి ముందూ యుద్ధంలోనూ ఆ దేశపు ఇల్యూషిన్-76 సరుకు విమానాలు ఇజ్రాయెల్‌లోని ఓవ్‌డా వైమానిక స్థావరానికి వెళ్లి రావడం విమానాల ట్రాకింగ్ సైట్లలో అందరికీ కనబడింది. రెండోది, టీబీ2 కెమెరా కెనడాలో తయారైంది. అక్టోబరు మొదటి వారంలో కెనడా ఎగుమతులు నిలిపేసింది, 2021 ఏప్రిల్‌లో అనుమతులు పూర్తిగా రద్దు చేసింది. అప్పటికే చేతిలో ఉన్న డ్రోన్లకు ఇబ్బంది రాలేదు. టర్కీ తన అసెల్సాన్ కెమెరాకు మారింది. కానీ యుద్ధం 44 రోజులు కాక 200 రోజులు సాగి ఉంటే? గెలిచినవాడి బలంలో ఎంత భాగం బయటి విమానాల్లో దిగుతోందో, ఏ ఒక్క భాగం ఆగితే ఏ ఆయుధం పడుకుంటుందో రాయకపోతే ఆ అంచనాకు గడువు తేదీ ఉండదు.

మనుషుల వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా కఠినం. ఆర్మేనియా ప్రతి 10,000 జనాభాకు దాదాపు 13 మంది సైనికులను, అజర్‌బైజాన్ 3 మందిని పోగొట్టుకున్నాయి. ట్యాంకు కొనొచ్చు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో ఇంత భాగం పోతే, వాళ్లకు శిక్షణ ఇచ్చిన సార్జెంట్లూ వాళ్లతోనే పోతే, ఆ ఖాళీ నిండటానికి ఒక తరం పడుతుంది. ఆర్మేనియా బలం ఎంత తగ్గిందో చెప్పే మొదటి అంకెగా ఇదే ఉండాలి.

అంచనా నిలబడిందా

2020 డిసెంబరులో ఈ పద్ధతిలో రాస్తే వచ్చే తీర్పు ఇలా ఉంటుంది. ఆర్మేనియా వాయు రక్షణ కూలింది, త్వరగా లేవదు. అజర్‌బైజాన్‌కు చదునైన నేల మీద తిరుగులేని ఆధిక్యం ఉంది, కొండల్లో మాత్రం ఇంకా ప్రాణాలు పెట్టి గెలవాలి. టీబీ2 విజయం ఎదుటివాడి ఎత్తు పరిమితి వల్ల వచ్చింది, గట్టి వాయు రక్షణ ముందు ఇలా పనిచేయదు.

తర్వాతి మూడేళ్లు దీన్ని మూడుసార్లు పరీక్షించాయి. 2022 సెప్టెంబరులో ఆర్మేనియా సరిహద్దు మీద రెండు రోజుల పోరులో ఆర్మేనియా 200 మందికి పైగా, అజర్‌బైజాన్ 80 మందిని కోల్పోయాయి. 2022లోనే ఉక్రెయిన్‌లో టీబీ2 తొలి వారాల్లో మెరిసింది, రష్యా వాయు రక్షణ వరుసగా కుదురుకున్నాక దాడుల నుంచి దాదాపు తప్పుకుంది. 2023 సెప్టెంబరు 19న, తొమ్మిది నెలల దిగ్బంధం తర్వాత, అజర్‌బైజాన్ కరబాఖ్‌లో మిగిలిన భాగం మీద దాడి చేసి ఒక్క రోజులో ముగించింది. లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. అవతల ఇంధనం లేదు, తిండి లేదు, 2020 సంధితో వచ్చిన రష్యా శాంతి దళం అడ్డు రాలేదు. అయినా ఆ ఒక్క రోజులో అజర్‌బైజాన్ 192 మంది సైనికులను పోగొట్టుకుంది. 2020 సగటుకు దాదాపు మూడింతలు. ఆకలితో ఉన్న, ఆకాశం కోల్పోయిన శత్రువు మీద కూడా కాల్బలం పెట్టే ధర ఇది.

ఆర్మేనియా ఈ మధ్య కొంటున్నవాటిలో మనకు దగ్గరి సంగతి ఒకటుంది. హైదరాబాద్‌లోని క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకుని, భారత్ డైనమిక్స్ తయారు చేసే ఆకాశ్ క్షిపణి వ్యవస్థ తొలి బ్యాటరీ 2024 నవంబరులో ఆర్మేనియాకు వెళ్లింది. దీని దూరం 25 కి.మీ., ఎత్తు 18 కి.మీ. అంటే 2020లో ఓసా పైన ఖాళీగా మిగిలిన ఆకాశం ఇప్పుడు నిండుతుంది, టీబీ2 తన మామూలు ఎత్తులో నిశ్చింతగా తిరగలేదు. కానీ పాత పట్టికలోని నాలుగు గడులు దీనికీ గీయాలి. బ్యాటరీకి ఎన్ని క్షిపణులు నిల్వ ఉన్నాయి? మూడు పూటలు మార్చి మార్చి కూర్చోబెట్టడానికి శిక్షణ పూర్తయిన సిబ్బంది ఉన్నారా? రాడార్ మీద హారోప్ దిగివస్తే దగ్గర్లో కాపాడే తుపాకులు, చిన్న క్షిపణులు ఉన్నాయా? వాహనాలు ఎన్ని గంటలకోసారి చోటు మారుతున్నాయి? ఒక ఆంటోనోవ్-2 నెమ్మదిగా వస్తుంటే రాడార్ ఆన్ చేయాలా వద్దా అని నిర్ణయించే అధికారం ఎవరిది, ఆ నిర్ణయం ఎన్ని సెకన్లలో జరుగుతుంది? ఆర్మేనియా తర్వాతి అంచనాలో మొదటి పేజీ ఈ అంకెలతో మొదలవ్వాలి.